మారిన యుద్ధం, మారని దూరాలు: ప్రత్యామ్నాయ సైనిక చరిత్ర కథల లోపలి లెక్క

1940 జనవరి 10న పొగమంచులో దారి తప్పిన ఒక చిన్న జర్మన్ విమానం బెల్జియం నేల మీద దిగింది. అందులో ప్రయాణిస్తున్న సైనికాధికారి దగ్గర పశ్చిమ ఐరోపా మీద జర్మనీ చేయబోయే దాడికి సంబంధించిన పత్రాలు ఉన్నాయి. వాటిని కాల్చివేయాలని ఆయన రెండుసార్లు ప్రయత్నించినా కొన్ని కాగితాలు మిగిలిపోయి బెల్జియన్ల చేతికి చిక్కాయి. నాలుగు నెలల తర్వాత, మే 10న, దాడి నిజంగానే మొదలైంది. అయితే దాని ప్రధాన బలం ఆ పత్రాల్లో ఉన్న దారిన రాలేదు. ఆర్డెన్ అడవుల గుండా వచ్చి, మే 13న సెడాన్ వద్ద మ్యూజ్ నదిని దాటింది. మరో ఆరు వారాలు గడవక ముందే ఫ్రాన్స్ లొంగిపోయింది.

ఆ రోజు పొగమంచు కమ్మకపోయి ఉంటే ఏమయ్యేది? జర్మనీ పాత పథకం ప్రకారమే వచ్చి, ఆ దారిలో సిద్ధంగా ఉన్న బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలను ఢీకొని, మొదటి ప్రపంచయుద్ధంలో లాగా కందకాల్లో కూరుకుపోయేదా? లేక పాత పథకం మీద అప్పటికే హిట్లర్‌కు ఉన్న అసంతృప్తీ, దానికి వ్యతిరేకంగా అంతకు ముందు శరత్కాలం నుంచే జనరల్ మాన్‌స్టైన్ రాస్తూ వచ్చిన నివేదికలూ ఎలాగైనా ఆర్డెన్ దారినే తెరిచేవా? చరిత్రకారులు ఈ రెండో కారణానికి ఎక్కువ బరువు ఇస్తారు, కథకులు మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. రెండో ప్రపంచయుద్ధం మరోలా సాగినట్లు ఊహించే కథలు, ఆటలు, వీడియోలు విరివిగా వస్తున్న ఈ రోజుల్లో, ఈ రెండు చూపుల మధ్య తేడా తెలియక తికమకపడే పాఠకులు చాలామంది కనిపిస్తున్నారు. ఈ కథల్లో ఏది ఊహ, ఏది వాదన, ఏది ఉత్త కోరిక అన్నది విడదీసి చూడడానికే ఈ వ్యాసం.

చరిత్రా, కల్పనా, వాదనా: ఒకే పేరు కింద కలిసిపోయినవి

నిజంగా జరిగిన చరిత్రలో ఏదో ఒక చోట ఒక ఘటనను మార్చి, అక్కడి నుంచి లోకం ఏ దారి పట్టి ఉండేదో చెప్పే కల్పనను ప్రత్యామ్నాయ చరిత్ర అంటారు. మార్పు జరిగే ఆ చోటును ఇక్కడ ‘చీలిక’ అని పిలుచుకుందాం. చీలికకు ముందున్నదంతా మనకు తెలిసిన చరిత్రే కాబట్టి అక్కడ రచయితకు స్వేచ్ఛ లేదు. చీలిక తర్వాత వచ్చే ప్రతి ఘటనకూ కారణం చూపించాల్సిన బాధ్యత మాత్రం పూర్తిగా రచయితదే.

దీనికి దగ్గరి చుట్టాలు కొన్ని ఉన్నాయి. చారిత్రక నవలలో పాత్రలు కల్పితమైనా యుద్ధ ఫలితం మారదు. రహస్య చరిత్ర కథలో ఫలితం మారకుండానే, దాని వెనుక మనకు తెలియని కారణం ఏదో ఉందని చెబుతారు. ఇక మూడోది కథే కాదు. చరిత్రకారులు ఒక కారణానికి ఎంత బరువు ఉందో తూచడానికి ‘అది లేకపోతే ఏమయ్యేది’ అని వేసుకునే ప్రశ్న అది. దీన్ని ప్రతివాస్తవ విశ్లేషణ అంటారు. ఒక ఓటమికి ఫలానా సేనాపతి పొరపాటే కారణమని ఎవరైనా రాస్తే, ఆ పొరపాటు లేకుంటే ఓటమి తప్పేదని కూడా వారు చెబుతున్నట్లే. ఆ మాటను పైకి అని పరీక్షించడమే ప్రతివాస్తవ విశ్లేషణ చేసే పని.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ చరిత్రకారుడు లివీ, అలెగ్జాండర్ తూర్పుకు కాకుండా పడమటికి తిరిగి రోము మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదని తన చరిత్రలో కొన్ని పుటల పాటు చర్చించాడు. రోమే గెలిచేదని తేల్చాడు. ఊహను తన జాతి వైపు మొగ్గేలా రాయడం కూడా ఈ ప్రక్రియకు పుట్టుకతోనే వచ్చిందన్న మాట.

చీలిక ఎక్కడ పడుతుంది?

కొన్ని చీలికలు కేవలం యాదృచ్ఛికం మీద ఆధారపడతాయి. 1914 జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజు కారు డ్రైవరు పొరపాటున ఒక వీధిలోకి మలిపి, వెనక్కి తిప్పడానికి కారు ఆపినప్పుడు, హంతకుడు సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాడు. 1931 డిసెంబరు 13న న్యూయార్క్‌లో రోడ్డు దాటుతున్న విన్‌స్టన్ చర్చిల్‌ను కారు ఢీకొట్టింది, కానీ ఆయన బతికాడు. 1933 ఫిబ్రవరి 15న మయామీలో రూజ్‌వెల్ట్ మీద పేల్చిన తూటాలు ఆయనకు తగలలేదు, పక్కనే ఉన్న షికాగో మేయర్ ప్రాణం తీశాయి. 1939 నవంబరు 8న మ్యూనిక్ బీరుశాలలో గియోర్గ్ ఎల్జర్ అనే వడ్రంగి ఒంటరిగా అమర్చిన బాంబు పేలడానికి 13 నిమిషాల ముందు హిట్లర్ అక్కడి నుంచి వెళ్లిపోయాడు. ఇలాంటి చీలికలను పాఠకుడు ఏ ఇబ్బందీ లేకుండా నమ్ముతాడు, ఎందుకంటే అవి జరగకపోవడమే ఆశ్చర్యంగా అనిపిస్తుంది. కష్టమంతా వాటి తర్వాతి అడుగులోనే ఉంటుంది. 1939లో హిట్లర్ చనిపోయి ఉంటే అధికారం ఎవరి చేతికి వచ్చేది, అప్పటికే ఫ్రాన్స్, బ్రిటన్‌లతో మొదలైన యుద్ధాన్ని వారు కొనసాగించేవారా అన్న ప్రశ్నలకు బాంబు జవాబు చెప్పదు.

మరికొన్ని చీలికలు నిర్ణయాల్లో ఉంటాయి. 1940 మే 26 నుంచి 28 వరకు బ్రిటన్ యుద్ధ మంత్రివర్గంలోని ఐదుగురు, అంటే చర్చిల్, విదేశాంగ మంత్రి హాలిఫాక్స్, ఛాంబర్లెయిన్, అట్లీ, గ్రీన్‌వుడ్, ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధి షరతులు తెలుసుకోవాలా వద్దా అన్న విషయాన్ని పలుమార్లు చర్చించారు. తెలుసుకుంటే తప్పులేదన్నది హాలిఫాక్స్ వాదన. ఒకసారి బల్ల దగ్గర కూర్చుంటే లేవడం కష్టమన్నది చర్చిల్ వాదన. నా దృష్టిలో ఈ యుద్ధం మొత్తంలో ఇంతకన్నా బలమైన చీలిక మరొకటి లేదు. రెండు దారులూ ఆ గదిలోనే, ఆ మనుషుల నోటనే వినిపించాయి. ఏ వాతావరణాన్నీ, ఏ ఆయుధాన్నీ మార్చనక్కర్లేదు.

మూడో రకం చీలిక పునాదులను మారుస్తుంది. జర్మనీకి సమృద్ధిగా చమురు ఉండి ఉంటే, జపాన్‌కు అమెరికా అంతటి ఉక్కు కర్మాగారాలు ఉండి ఉంటే అని మొదలవుతుంది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, చమురు ఉన్న జర్మనీ 1939లో అదే యుద్ధానికి దిగేదా అన్నదే అనుమానం. ఆగ్నేయాసియా చమురు కోసం ఆశపడక్కర్లేని జపాన్ పెర్ల్ హార్బర్ దాకా వెళ్లేదా అన్నది అంతకన్నా పెద్ద అనుమానం. పునాది మారితే దాని మీది ఇల్లు కూడా మారిపోతుంది.

ఇంగ్లీష్ చానల్: బలమైన సైన్యానికి అడ్డుపడ్డ నీళ్లు

జర్మన్ సైన్యం 1940లో బ్రిటన్ మీద దిగడం ఈ కథల్లో తరచుగా కనిపించే ఘట్టం. అది మొదలయ్యేది సాధారణంగా బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు చిక్కుకుపోయిన ఫ్రాన్స్ తీరపట్టణం డన్‌కిర్క్ దగ్గర. మే 24న జర్మన్ ట్యాంకు దళాలకు ఆగమన్న ఆజ్ఞ వచ్చింది, మే 26న దాన్ని ఎత్తివేశారు. అదే రోజు మొదలైన తరలింపు జూన్ 4 నాటికి సుమారు 3 లక్షల 38 వేల మంది సైనికులను సముద్రం దాటించింది. ఆ ఆజ్ఞ రాకపోయి ఉంటే వారిలో అధిక భాగం బందీలయ్యేవారన్నది ఒప్పుకోదగ్గ ఊహే. దాంతో సంధి కోరే వాదనకు మంత్రివర్గంలో బలం పెరిగేదన్నది కూడా తోసిపుచ్చలేనిదే.

కానీ చాలా కథలు అక్కడి నుంచి నేరుగా లండన్ వీధుల్లోకి దూకుతాయి. మధ్యలో సముద్రం ఉంది. నార్వే పోరులో, ఒక్క నార్విక్ వద్దే, జర్మన్ నౌకాదళం పది డిస్ట్రాయర్లను కోల్పోయింది. అది దాని దగ్గరున్న డిస్ట్రాయర్లలో దాదాపు సగం. సేనలను దాటించడానికి జర్మనీ పోగుచేసినవాటిలో ఎక్కువ భాగం రైన్ లాంటి నదుల్లో సరుకులు మోసే బల్లకట్టు పడవలు. వాటిలో చాలావాటికి సొంత ఇంజన్లు కూడా లేవు. ఎదురుగా ఉన్నది ప్రపంచంలోని అతిపెద్ద నౌకాదళాల్లో ఒకటి. పైగా 1940లో జర్మనీ కన్నా ఎక్కువ విమానాలు తయారు చేసినది బ్రిటనే. డన్‌కిర్క్ లో సైన్యం పోయినా ఈ లెక్కలో ఒక్క అంకె కూడా మారదు.

1974లో బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో ఈ దాడిని ఒక యుద్ధక్రీడగా ఆడి చూశారు. యుద్ధక్రీడ అంటే రెండు పక్షాలూ పటం మీద ఎత్తులు వేస్తుండగా, తీర్పరులు ఫలితాలు నిర్ణయించే అభ్యాసం. మొదటి విడత జర్మన్ సేనలు తీరం మీద దిగగలిగాయి. ఆ తర్వాత బ్రిటిష్ నౌకాదళం జలసంధిలోకి రావడంతో వెనుక నుంచి రావాల్సిన మందుగుండు, తిండి, అదనపు బలగం ఆగిపోయి దాడి విఫలమైంది. దీనిని తిరుగులేని రుజువుగా తీసుకోనక్కర్లేదు. జర్మనీ ముందుగా గగనతలం మీద పూర్తి ఆధిపత్యం సాధించి ఉంటే నౌకలు అంత తేలికగా వచ్చేవి కావన్న వాదన ఉంది, దానికి విలువ కూడా ఉంది. అయితే ఆ వాదన మీద కథ నిలబెట్టేవారు చీలికను డన్‌కిర్క్ దగ్గర కాదు, ఇంకా ముందు, విమాన కర్మాగారాల్లో వెతుక్కోవాలి.

ఎదుటివాడు కూడా ఆలోచిస్తాడు

మార్పు ఒక పక్షానికే చేసి, రెండో పక్షాన్ని పాత చరిత్రలోనే ఉంచడం ఈ కథల్లో తరచుగా కనిపించే లోపం. దీనికి మంచి ఉదాహరణ జలాంతర్గాములు. అట్లాంటిక్‌లో బ్రిటన్ సరుకు నౌకలను ముంచి ఆ దేశాన్ని లొంగదీయడానికి 300 జలాంతర్గాములు కావాలని అడ్మిరల్ డోనిట్స్ అడిగాడు. యుద్ధం మొదలైన నాటికి జర్మనీ దగ్గర 57 ఉన్నాయి, వాటిలో మహాసముద్రంలో పోరాడగలిగినవి సగం కన్నా తక్కువే. 1939లోనే 300 ఉండి ఉంటే బ్రిటన్ ఆకలితో లొంగిపోయేదని కథ మొదలవుతుంది.

ఆ 300 ఒక్క రాత్రిలో పుట్టుకు రావు. వాటికి పట్టే ఉక్కు, రాగి, నైపుణ్యమున్న కార్మికులు, ఓడల నిర్మాణ కేంద్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. ఆ ఉక్కు ట్యాంకుల నుంచి వచ్చి ఉంటే 1940లో సెడాన్ వద్ద నది దాటిన సేన అంత బలంగా ఉండేది కాదు. ఫ్రాన్స్ పడకపోతే ఆ జలాంతర్గాములకు బ్రెస్ట్, లోరియాం లాంటి అట్లాంటిక్ రేవులు దక్కేవి కావు. మరో సంగతి, ఆ కేంద్రాల్లో వందల కొద్దీ జలాంతర్గాములు తయారవుతుంటే బ్రిటన్‌కు తెలియకుండా ఉండదు. 1935లో రెండు దేశాలకూ మధ్య నౌకాబలం మీద ఒప్పందం కుదిరిన తర్వాత, దాన్ని బాహాటంగా దాటితే బ్రిటన్ కాపలా నౌకల నిర్మాణాన్ని అప్పుడే మొదలుపెట్టేది. ఇలా ఒక్క అంకె మార్చగానే నాలుగు వైపుల నుంచి లెక్కలు కదులుతాయి. అలా కదిలిన లెక్కలతోనే మంచి రచయిత కథ అల్లుతాడు.

మాస్కో వాదన: ఎనభై తొమ్మిది మిల్లీమీటర్లు

1941 జూన్ 22న 30 లక్షలకు పైగా జర్మన్ సైనికులు సోవియట్ యూనియన్ మీద దండెత్తారు. జూలై మధ్యకు స్మోలెన్‌స్క్ చేరారు. అక్కడి నుంచి మాస్కోకు సుమారు 400 కిలోమీటర్ల దూరం. ఆగస్టులో హిట్లర్ మాస్కో దారిని ఆపి, గుడేరియన్ ట్యాంకులను దక్షిణానికి, కీవ్ వైపు తిప్పాడు. సెప్టెంబరులో అక్కడ 6 లక్షలకు పైగా సోవియట్ సైనికులను బందీలుగా పట్టుకున్నట్లు జర్మనీ ప్రకటించింది. మాస్కో మీది దాడి సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో గానీ మొదలు కాలేదు. తర్వాత వానలు, బురద, చలి వచ్చాయి, డిసెంబరు 5న సోవియట్ ఎదురుదాడి మొదలైంది. దక్షిణానికి తిరగకుండా ఆగస్టులోనే తిన్నగా వెళ్లి ఉంటే?

యుద్ధం తర్వాత హాల్డర్, గుడేరియన్ వంటి జర్మన్ సేనానులు ఈ ప్రశ్నకు గెలిచేవాళ్లమన్న జవాబే ఇచ్చారు. వారి వాదనలో పస ఉంది: మాస్కో రాజధాని మాత్రమే కాదు, దేశంలోని రైలు మార్గాలకు కూడలి. అది పోతే ఉత్తరాన ఉన్న సేనలకూ దక్షిణాన ఉన్న సేనలకూ మధ్య బలగాలను కదపడం సోవియట్లకు చాలా కష్టమయ్యేది. ఓడిన సేనానులు తప్పంతా చనిపోయిన నాయకుడి మీదికి నెట్టేందుకు కూడా ఈ వాదన పనికొచ్చిందన్నది మాత్రం మరచిపోకూడదు.

ఎదుటి వాదనను డేవిడ్ గ్లాంజ్ లాంటి చరిత్రకారులు వినిపించారు. ఆగస్టులో తిన్నగా వెళ్తే కుడి పక్కన, కీవ్ చుట్టూ, లక్షల మంది సోవియట్ సైనికులు చెక్కుచెదరకుండా ఉండిపోయేవారు. వందల కిలోమీటర్ల పొడవున ఆ పార్శ్వం వారి దాడికి తెరుచుకునేది. అంతకన్నా మొండి అడ్డంకి రైలు పట్టాల్లో ఉంది. సోవియట్ పట్టాల మధ్య దూరం 1,524 మిల్లీమీటర్లు, జర్మన్ పట్టాల మధ్య దూరం 1,435. ఈ 89 మిల్లీమీటర్ల తేడా వల్ల జర్మన్ రైళ్లు నేరుగా ముందుకు పోలేవు. పట్టాలను ఊడదీసి దగ్గరికి జరిపి మళ్లీ బిగించాలి, లేదా పట్టుకున్న సోవియట్ బండ్లలోకి సరుకు మార్చాలి. మిగతా దూరం లారీల మీద, ఈ దండయాత్రలో పాల్గొన్న 6 లక్షలకు పైగా గుర్రాల మీద సాగాలి. ఆగస్టులో సేన స్మోలెన్‌స్క్ దగ్గర ఆగడానికి హిట్లర్ ఆజ్ఞ ఎంత కారణమో, వెనుక నుంచి రావాల్సిన పెట్రోలు, గుండ్లు చేరకపోవడం కూడా అంతే కారణం.

సరే, మాస్కో పడిందనే అనుకుందాం. 1941 జూలై, నవంబరు నెలల మధ్య 1,500కు పైగా పెద్ద కర్మాగారాలను సోవియట్లు యంత్రాలతో సహా తూర్పుకు తరలించారు. అక్టోబరులో ప్రభుత్వ కార్యాలయాలు అనేకం వోల్గా ఒడ్డున ఉన్న కుయిబిషెవ్‌కు మారాయి. 1812లో నెపోలియన్ కూడా మాస్కోలో అడుగుపెట్టాడు, ఆ యుద్ధం అక్కడ ముగియలేదు. రాజధాని పడిన మరుసటి రోజున సంధి సంతకాలు చూపించే కథ ఈ ప్రశ్నలను దాటవేస్తోంది. రాజధాని పడ్డాక ఉరల్ పర్వతాల దాకా ఏళ్ల తరబడి సాగే యుద్ధాన్ని చూపించే కథ వాటిని ఎదుర్కొంటోంది. నాకు రెండోది ఎప్పుడూ ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే అందులో ఎవరికీ విముక్తి తొందరగా దొరకదు.

మిడ్‌వే వద్ద తీర్పరి చేసిన పని

1942 మే నెలలో జపాన్ నౌకాదళం తన అతిపెద్ద యుద్ధనౌక యమాటో మీద, పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా చేతిలో ఉన్న మిడ్‌వే దీవి మీది దాడికి ముందస్తు యుద్ధక్రీడ ఆడింది. అందులో పాల్గొన్న అధికారుల కథనం ప్రకారం, అమెరికన్ విమానాలు జపాన్ విమానవాహక నౌకల మీద తొమ్మిది బాంబులు వేయగలిగాయని, అకాగి, కాగా నౌకలు మునిగిపోయాయని పాచికలు తేల్చాయి. తీర్పరిగా ఉన్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడుకు తగ్గించాడు. అకాగిని బతికించాడు. మునిగిందని ఒప్పుకున్న కాగాను కూడా ఆట తర్వాతి దశలో మళ్లీ బరిలోకి దింపారు. కొద్ది వారాలకే, జూన్ 4న జరిగిన దాడుల్లో, అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ నాలుగూ నిజంగానే పోయాయి.

ప్రత్యామ్నాయ చరిత్ర రాసే ప్రతి రచయితా ఉగాకి కూర్చున్న ఆ ఆసనంలోనే కూర్చుంటాడు. పాచికలు వేసేది తనే, తీర్పు చెప్పేది తనే. తనకు ఇష్టమైన ఫలితం కోసం తొమ్మిదిని మూడు చేయడానికి అడ్డు చెప్పేవారు ఉండరు. ఈ సాహిత్యంలో నిజాయితీ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మిడ్‌వేను వేరేగా ముగించడం పెద్ద కష్టం కాదు. ఆ ఉదయం శత్రు నౌకలు అనుకున్న చోట కనిపించక, ఇంధనం తరిగిపోతున్నా, వెతుకులాట ఆపకుండా ముందుకు సాగిన అమెరికన్ దళపతి వేడ్ మెక్‌క్లస్కీకి కింద ఒంటరిగా వేగంగా పోతున్న ఒక జపాన్ డిస్ట్రాయర్ కనిపించింది. అమెరికన్ జలాంతర్గామి నాటిలస్‌ను అణచి ఉంచడానికి వెనుకబడి, తన దళాన్ని కలుసుకోవడానికి పరుగెత్తుతున్న ‘అరాషి’ అది. అది వెళ్తున్న దిక్కునే మెక్‌క్లస్కీ పట్టుకున్నాడు. కొన్ని నిమిషాల వ్యవధిలో మూడు విమానవాహక నౌకలు మంటల్లో చిక్కుకున్నాయి. అరాషి మరో పావుగంట ముందే వెళ్లిపోయి ఉంటే ఆ ఉదయం వేరుగా ఉండేదని సులభంగా నమ్మవచ్చు.

ఆ తర్వాత? ఎసెక్స్ తరగతికి చెందిన మొదటి విమానవాహక నౌక 1942 డిసెంబరు 31న అమెరికా నౌకాదళంలో చేరింది. 1943లో అదే తరగతి నౌకలు మరో ఆరు, వాటికన్నా చిన్నవైన ఇండిపెండెన్స్ తరగతి నౌకలు తొమ్మిది చేరాయి. జపాన్ కొత్తగా కట్టిన పెద్ద విమానవాహక నౌక తైహో 1944 మార్చిలో చేరి, జూన్‌లో మునిగిపోయింది. మిడ్‌వేలో జపాన్ గెలిచి ఉన్నా, అమెరికా ఓడల నిర్మాణ కేంద్రాల్లో ఒక్క సుత్తి దెబ్బ కూడా ఆగేది కాదు. అందుకని మిడ్‌వేలో అమెరికా ఓటమికి అర్థం ఉండేది కాదని కాదు. ఆస్ట్రేలియాకు వెళ్లే సముద్ర మార్గం, హిందూ మహాసముద్రంలో సిలోన్, అక్కడి నుంచి ఈజిప్టులో పోరాడుతున్న బ్రిటిష్ సేనలకు వెళ్లే సరఫరా, ఇవన్నీ ఏడాదిన్నర పాటు ప్రమాదంలో పడేవి. ఏడాదిన్నరలో ఎందరు మనుషులు చనిపోతారో లెక్క వేసుకుంటే అది చిన్న మార్పు కాదు. ‘ఎవరు గెలుస్తారు’ అన్న ప్రశ్న కన్నా ‘ఎంత ఆలస్యంగా, ఎవరు మూల్యం చెల్లించగా’ అన్న ప్రశ్నే ఇక్కడ కథకు ఎక్కువ ఇస్తుంది.

పటాల మీద కనిపించని మనుషులు

సైనిక కథల్లో దళాల సంఖ్యలు, ట్యాంకుల నమూనాలు ఎంతో శ్రద్ధగా ఉంటాయి. నాజీ పాలన ఎందుకోసం యుద్ధం చేస్తోందో మాత్రం తరచుగా మరుగున పడుతుంది. ‘ఉక్రేనియన్లను జర్మన్లు మంచిగా చూసి ఉంటే వారంతా స్టాలిన్ మీద తిరగబడేవారు’ అన్నది అలాంటి చీలికే. ఆ తూర్పు యుద్ధం మొదలైందే అక్కడి భూమిని, తిండిని స్వాధీనం చేసుకోవడానికి, అక్కడి జనం కోట్లలో ఆకలితో చనిపోతారని ముందే లెక్కగట్టిన ప్రణాళికలతో. జర్మన్ల చేతికి చిక్కిన సుమారు 57 లక్షల సోవియట్ యుద్ధ ఖైదీల్లో దాదాపు 33 లక్షల మంది చనిపోయారు. అలాంటి పాలన మంచిగా చూడాలంటే ముందు అది నాజీ పాలన కాకుండా పోవాలి, అప్పుడు ఆ యుద్ధమే ఉండదు. భావజాలం కూడా రైలు పట్టాల వెడల్పు లాంటిదే, రచయిత అవసరం కొద్దీ సాగేది కాదు.

అద్భుత ఆయుధాల కథలకూ ఇదే వర్తిస్తుంది. జర్మనీ వి-2 రాకెట్లు ఇంకా ముందే, ఇంకా ఎక్కువగా తయారై ఉంటే అని రాసేవారు, అవి తయారైన మిట్టెల్‌బావ్-డోరా నిర్బంధ శిబిరాన్ని కూడా కథలోకి తేవాలి. ఆ రాకెట్ల దాడిలో చనిపోయిన వారి కన్నా వాటి తయారీలో చనిపోయిన బందీలే ఎక్కువ. అలాగే 25 లక్షల మందితో, నిర్బంధం లేకుండా చేరినవారితో ఏర్పడిన నాటి భారత సైన్యం లేకుండా బర్మా, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రంగాలను ఊహించే కథలు, పటంలో సగాన్ని ఖాళీగా వదిలేసినట్లే.

చరిత్రకారుల్లో ఉన్న భిన్నాభిప్రాయాలు

జరగని దాని గురించి మాట్లాడడం చరిత్రకారుడి పని కాదని ఇ. హెచ్. కార్ భావించాడు. దాన్ని తీరిక వేళ గదిలో ఆడుకునే ఆటగా కొట్టిపారేశాడు. నియల్ ఫెర్గూసన్ దీనికి ఎదురు వాదన చేస్తూనే ఒక హద్దు గీశాడు: ఆ కాలంలోని మనుషులు నిజంగా ఆలోచించిన, అందుకు రాతపూర్వక ఆధారం మిగిలిన ప్రత్యామ్నాయాలనే పరిగణించాలి. ఈ కొలతలో 1940 మే మంత్రివర్గ చర్చ నెగ్గుతుంది, చమురు నిండిన జర్మనీ నెగ్గదు. రిచర్డ్ ఎవాన్స్ మాత్రం ఈ ఊహల్లో చాలావరకు రచయితల రాజకీయ కోరికలే చరిత్ర వేషం వేసుకుని వస్తున్నాయని హెచ్చరించాడు. చీలిక నుంచి దూరం జరిగే కొద్దీ ఊహ బలం వేగంగా తగ్గిపోతుందని కూడా అన్నాడు. గావ్రియెల్ రోజెన్‌ఫెల్డ్ చూపు మరో వైపు నుంచి వస్తుంది. నాజీలు గెలిచినట్లు ఊహించే కథలు గతం గురించి కన్నా, అవి రాసిన కాలపు భయాలు, ఆశల గురించి ఎక్కువ చెబుతాయని, వాటిని అలాగే చదవాలని ఆయన అంటాడు.

ఎవాన్స్ హెచ్చరిక నాకు సరైనదిగానే తోస్తుంది, అయితే అది చరిత్ర రాసేవారికి వర్తించినంతగా కథ రాసేవారికి వర్తించదు. కథ పదేళ్లు ముందుకు పోయే హక్కును పాఠకుడి నుంచి అడిగి తీసుకుంటుంది. కార్ అభ్యంతరానికి జవాబు మాత్రం నిర్ణయాలు తీసుకున్న మనుషుల దగ్గరే ఉంది. వారికి ఆ రోజు ఒకే దారి కనిపించలేదు.

నార్మండీ, ఒక చిన్న కాగితం

1944 జూన్ 5న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రరాజ్యాలు చేయాల్సిన దాడిని చెడు వాతావరణం వల్ల ఒక రోజు వాయిదా వేశారు. వాతావరణ నిపుణులు కొద్దిపాటి తెరిపి ఉందని చెప్పడంతో మిత్రరాజ్యాల సర్వసేనాని జనరల్ ఐసెన్‌హోవర్ జూన్ 6కు ఒప్పుకున్నాడు. అప్పుడు వద్దనుకుని ఉంటే, ఆటుపోట్లు అనుకూలించే తర్వాతి తేదీలు జూన్ మూడో వారంలో ఉన్నాయి. జూన్ 19న చానల్‌లో పెద్ద తుపాను లేచి, ఒమాహా తీరం దగ్గర కట్టిన కృత్రిమ రేవును ధ్వంసం చేసింది. వాయిదా వేసిన దాడి ఆ తుపానులోకే వెళ్లి ఉండేది. దాడి విఫలమైనా జూన్ 22న తూర్పున మొదలైన సోవియట్ల భారీ దాడి ఆగేది కాదు. అమెరికాలో అణుబాంబు పని కూడా ఆగేది కాదు. మొదటి పరీక్ష 1945 జూలై 16న జరిగింది, నిజ చరిత్రలో జర్మనీ అప్పటికి రెండు నెలల కిందటే లొంగిపోయింది. నార్మండీ విఫలమైన లోకంలో ఆ రెండు నెలల తేడా అలాగే ఉంటుందన్న హామీ ఏదీ లేదు. ఐరోపా మధ్యలో సోవియట్ సేన ఎక్కడ ఆగేదో, ఆ బాంబు ఎక్కడ పడేదో అన్నది మంచి రచయిత తడబడుతూ రాయాల్సిన అధ్యాయం.

ఆ దాడి విఫలమైన లోకం గురించి మొదటగా రాసినది మాత్రం ఐసెన్‌హోవరే. దిగడానికి ముందు ఒక చిన్న కాగితం మీద, ఓటమి వార్తతో పాటు ప్రకటించడానికి, పెన్సిలుతో నాలుగు వాక్యాలు రాసి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒత్తిడిలో జూన్ బదులు జూలై 5 అని తేదీ వేశాడు. తీరంలో నిలదొక్కుకోలేకపోయామనీ, తప్పు ఏదైనా ఉంటే అది తన ఒక్కడిదేననీ అందులో ఉంది. మొదట ఆయన ‘సేనలు ఉపసంహరించబడ్డాయి’ అన్న అర్థం వచ్చేలా రాశాడు. తర్వాత ఆ మాటలను కొట్టివేసి, ‘సేనలను నేను ఉపసంహరించాను’ అని దిద్దాడు.